‘ఒక డిటెక్టివ్ నవల ఇవ్వండి’: ఉత్కంఠ సాహిత్యం - వయోజన పాఠకులకు గ్రంథపాలకుని సూచన

వ్యాససంగ్రహం:
తెలుగులో ‘డిటెక్టివ్ నవల’ అనే ఒక్క పేరు కింద చేరిన రచనలన్నీ పాఠకునికి ఒకే అనుభవాన్ని ఇవ్వవు. నేరస్థుడెవరో తెలుసుకోవాలన్న కుతూహలం వేరు, రాబోయే ఆపదను తలచుకొని పడే ఆందోళన వేరు, కథవెంట పరుగెత్తే ఉత్సాహం వేరు. పౌర గ్రంథాలయంలో వయోజన పాఠకునికి నవలను సూచించే గ్రంథపాలకుడు రచయిత పేరుకంటే ముందు ఈ భేదాన్ని పట్టించుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు కొన్ని తెలుగు నవలలను ఉదాహరణలుగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధన నవల, ఉత్కంఠ, పౌర గ్రంథాలయం, పాఠక మార్గదర్శనం, వర్గీకరణ, జనప్రియ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాల్లో రెండవది ప్రతి పాఠకునికీ తన పుస్తకం అందాలంటుంది. మూడవది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. పోటీపరీక్షల అభ్యర్థులతో పఠనమందిరాలు నిండిపోతున్న నేటి గ్రంథాలయాల్లో ఈ సూత్రాలను నవలల బీరువా దగ్గర పరీక్షించి చూసే సందర్భాలు తక్కువ. అయినా ఉద్యోగ విరమణ చేసినవారు, ఇంటిపని ముగించుకొని వచ్చే గృహిణులు, రాత్రి విధుల్లో ఉండే కాపలాదారులు “మంచి డిటెక్టివ్ నవల ఏదైనా ఉందా అండీ?” అని అడగడం మానలేదు. ఆ ప్రశ్నకు చాలాచోట్ల దొరికే సమాధానం బీరువావైపు చూపిన వేలు మాత్రమే.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని తనకు సరిపడని పుస్తకాన్ని రెండుసార్లు ఇంటికి మోసుకుపోయిన పాఠకుడు మూడోసారి వస్తాడన్న నమ్మకం లేదు. పౌర గ్రంథాలయ వ్యవస్థ ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడుస్తోంది. ఆ పన్ను కట్టేవారిలో ఉత్కంఠ నవల చదివేవారూ ఉన్నారు. వారి అభిరుచికి సమాధానం చెప్పవలసిన బాధ్యత గ్రంథాలయానికి ఉంది.

2. వర్గీకరణ చూపని భేదం:

డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు నవలకు 894.8273 అనే సంఖ్య ఉంది. మొదట సాహిత్యం, తరువాత భాష, ఆపై ప్రక్రియ అన్న క్రమంలో అది ఏర్పడింది. ఒక్క రచయిత రాసిన నవలను వర్గీకరించేటప్పుడు అది సాంఘికమా, చారిత్రకమా, అపరాధ పరిశోధనమా అన్నది ఆ సంఖ్యలోకి రాదు. రంగనాథన్ ద్విబిందు వర్గీకరణ కూడా సాహిత్యంలో భాష, ప్రక్రియ, రచయిత, కృతి అనే వరుసనే పాటిస్తుంది. అందులో రచయితను గుర్తించేది అతని జన్మ సంవత్సరంతో. డ్యూయీ పద్ధతిలో చూస్తే ‘పెంకుటిల్లు’ రాసిన కొమ్మూరి వేణుగోపాలరావు, డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు ఒకే వర్గసంఖ్య కిందికి వస్తారు. అరలో ఇంటిపేరునుబట్టి సర్దితే పక్కపక్కనే కూర్చుంటారు. మధ్యతరగతి కుటుంబకథ కోసం వచ్చినవారికి హత్యాపరిశోధన, హత్యాపరిశోధన కోసం వచ్చినవారికి కుటుంబకథ చేతికందే ప్రమాదం ఇక్కడ కల్పితం కాదు.

వర్గీకరణ తప్పు చేసిందని దీని అర్థం కాదు. పుస్తకం ఎక్కడుందో చెప్పడం దాని పని. పాఠకుడు దానివల్ల ఏ అనుభవం పొందుతాడో చెప్పడం మనిషి చేయవలసిన పని. జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ 1989లో అమెరికా పౌర గ్రంథాలయాల కోసం రాసిన పాఠక మార్గదర్శన గ్రంథం ఈ రెండో పనికి ఒక పద్ధతిని ఏర్పరచింది. పుస్తకం దేని గురించి అన్న ప్రశ్నకంటే కథనవేగం, పాత్రలు, కథాసంవిధానం, నేపథ్యం పాఠకుణ్ణి ఎలా ఆకర్షిస్తున్నాయన్న ప్రశ్నకు అది ప్రాధాన్యమిచ్చింది. జనప్రియ ప్రక్రియల మీద సారిక్స్ విడిగా రాసిన గ్రంథం రెండవ ముద్రణలో (2009) థ్రిల్లర్లను, సస్పెన్సు నవలలను రక్తం ఉరకలెత్తించే వర్గంలోనూ, మిస్టరీలను బుద్ధికి పనిపెట్టే వర్గంలోనూ చేర్చింది. మనస్తత్వ ప్రధానమైన సస్పెన్సు నవలను కూడా ఆమె బుద్ధి వర్గంలోనే ఉంచడం గమనార్హం. అంగడిలో ఒకే అట్టబొమ్మతో అమ్ముడుపోయే పుస్తకాలు పాఠకుని మనసులో వేర్వేరు గదుల్లో ఉంటాయని ఈ విభజన చెబుతోంది.

3. ఉత్కంఠ ఒక్కటి కాదు:

ఈ భేదానికి సైద్ధాంతికమైన ఆధారం త్వెతాన్ తొదొరోవ్ 1966లో అపరాధ పరిశోధన కథల మీద రాసిన వ్యాసంలో దొరుకుతుంది. అతని విశ్లేషణ ప్రకారం సంప్రదాయ పరిశోధక నవలలో రెండు కథలు ఉంటాయి. నేరం జరిగిన కథ మొదటిది. అది నవల మొదలయ్యేసరికే ముగిసిపోయింది. ఆ నేరాన్ని తెలుసుకొనే కథ రెండవది. పాఠకుడు చదివేది దీన్నే. పరిశోధకునికి ఇందులో పెద్ద ఆపద ఉండదు, పాఠకుడు వెనక్కి చూస్తూ ముందుకు నడుస్తాడు. థ్రిల్లర్‌లో నేరకథ, కథనం కలిసి ఒకే కాలంలో సాగుతాయి. కథానాయకుడు చివరివరకూ బతికి ఉంటాడన్న హామీ కూడా ఉండదు. ఈ రెంటి లక్షణాలనూ కలుపుకున్న సస్పెన్సు నవలను తొదొరోవ్ మూడవ రకంగా గుర్తించాడు.

సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఇచ్చిన బాంబు ఉదాహరణ ప్రసిద్ధం. బల్లకింద బాంబు ఉన్న సంగతి ప్రేక్షకునికి తెలియకుండా అది పేలితే కలిగేది క్షణకాలపు ఆశ్చర్యం. ముందే తెలిసి ఉంటే, బల్లదగ్గర కూర్చున్నవారు మాట్లాడుకునే మామూలు కబుర్లు సైతం భరించలేని ఉత్కంఠగా మారతాయి. ఇక్కడ ఉత్కంఠ పుట్టింది సమాచారాన్ని దాచడంవల్ల కాదు, ముందుగా ఇవ్వడంవల్ల. ‘సస్పెన్సు’ అనే మాటను తెలుగులో రహస్యం దాచడానికి పర్యాయంగా వాడుతున్న అలవాటు ఈ తేడాను మరుగుపరచింది.

గ్రంథపాలకునికి ఇది ఎందుకు కావాలి? ఒక పాఠకుడు యుగంధర్ నవల చదివి “బాగుంది, ఇలాంటిదే ఇంకొకటి” అన్నాడనుకుందాం. అతనికి నచ్చింది ఆధారాలను పేర్చుకుంటూ పోవడమైతే మరో పరిశోధక నవల సరిపోతుంది. నచ్చింది వేగమైతే మధుబాబు షాడో నవలలు దగ్గరవుతాయి. గూఢచర్యం, వెంటాడడం, తప్పించుకోవడం వాటి ప్రాణం. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు అక్కడ పెద్దపీట ఉండదు. పరిశోధకుడు, అతని సహాయకుడు రాజు మధ్య ఉన్న సాన్నిహిత్యమే అతణ్ణి కట్టిపడేసి ఉంటే, పాత్రలు మారే విడి నవలలకంటే అదే పరంపరలో మరొక పుస్తకం ఇవ్వడం మేలు. ఒకే పుస్తకం, ఒకే పొగడ్త, కాని సమాధానాలు మూడు.

4. తెలుగు నవలల నుంచి కొన్ని ఉదాహరణలు:

పాంచ్‌కడీ దే బెంగాలీ నవలల అనువాదాలతో తెలుగు పాఠకులకు పరిచయమైన ఈ ప్రక్రియ పండితుల ఆదరణకు నోచుకోలేదు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రచించిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలు కూడా రాశాడన్న సంగతిని ఒక వినోదంగా చెప్పుకోవడమే తప్ప, ఆ నవలలను ఆయన సాహిత్య జీవితంలో భాగంగా చర్చించడం అరుదు. పరిశోధన చేయనిచోట గ్రంథపాలకునికి ఆధారపడదగిన సూచికలు కూడా ఉండవు. అతడు స్వయంగా చదివి గుర్తుపెట్టుకోవడమే మిగిలిన మార్గం.

యండమూరి వీరేంద్రనాథ్ నవలలు మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే రచయిత పేరునుబట్టి పుస్తకం సూచించడంలో ఉన్న చిక్కు తెలుస్తుంది. ‘అభిలాష’లో మరణశిక్ష రద్దు కావాలని కోరుకునే యువ న్యాయవాది తానే హంతకునిగా ముద్ర వేయించుకోవడానికి పూనుకుంటాడు. అతడు నిర్దోషి అని పాఠకునికి తెలుసు, చట్టానికి తెలియదు. హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఇక్కడ బల్లకింద కనిపిస్తూనే ఉంటుంది. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో హత్య లేదు, దొంగతనం లేదు. ఒక చదరంగం ఆటగాడు ఫోనులో మాట్లాడే అపరిచిత యువతి ఎవరో ఆమె ఇచ్చిన చిక్కుముడుల ఆధారంగా కనుక్కోవాలి. నిర్మాణం దృష్ట్యా చూస్తే ఇది అచ్చమైన పరిశోధక నవల, పైకి ప్రేమకథ. రక్తపాతం గిట్టదు గాని ‘బుర్రకు పని ఉండాలి’ అనే పాఠకులకు దీన్ని మించిన సూచన తెలుగులో కష్టం. దీన్ని ప్రేమనవలల్లో చేర్చి ఊరుకోవడంవల్ల ఆ పాఠకులు నష్టపోతున్నారు.

మూడవది ‘తులసిదళం’. ఒక పసిపిల్ల ప్రాణం చుట్టూ వైద్యం, క్షుద్రవిద్య పోటాపోటీగా నడిచే ఈ నవల విపరీతమైన ఆదరణ పొందింది. అదే స్థాయిలో వాదాలనూ రేపింది. మూఢనమ్మకాన్ని పెంచుతోందన్న ఆక్షేపణతో రంగనాయకమ్మ దీని మీద విడిగా ఒక విమర్శ గ్రంథమే రాశారు. ఈ పుస్తకం విషయంలో గ్రంథపాలకుడు రెండు తప్పుల్లో దేన్నయినా చేయవచ్చు. ‘అందరూ చదివారు, మీరూ చదవండి’ అని చేతిలో పెట్టడం ఒకటి. పాఠకుని మేలు కోరి దాచిపెట్టడం రెండవది. ఇంట్లో పసిబిడ్డ జబ్బుతో ఉన్న తల్లికి ఈ నవల వినోదం కాబోదు. నవలను దాచనక్కరలేదు, విమర్శనూ దాచనక్కరలేదు. “ఇందులో చిన్నపిల్ల బాధపడుతుంది, చేతబడి ప్రస్తావన ఎక్కువ” అన్న ఒక్క మాట చాలు. దానివల్ల కథ బయటపడదు, ఎంపిక పాఠకునికే మిగులుతుంది. కావాలన్నవారికి నవలతోపాటు రంగనాయకమ్మ విమర్శను కూడా చూపితే గ్రంథాలయం తన పని పూర్తిగా చేసినట్టు.

తేలికదనం కోరేవారూ ఉంటారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ వంటి నవలలో డిటెక్టివు వృత్తే హాస్యానికి మూలం. దీన్ని జంధ్యాల 1986లో చలనచిత్రంగా తీశాడు. సినిమా చూసి వచ్చినవారికి ఇది మంచి ప్రవేశద్వారం. అయితే గంభీరమైన హత్యాపరిశోధన కోరినవారికి ఇదిస్తే చిరాకు పడతారు.

ప్రచురణ రూపం కూడా పఠనానుభవాన్ని మారుస్తుంది. రైల్వే స్టేషను పుస్తకాల దుకాణంలో కొని ఒక్క ప్రయాణంలో చదివి ముగించే చిన్న నవల ఒక ఊపులో సాగుతుంది. వారపత్రికలో ధారావాహికగా వచ్చిన నవల ప్రతి కొద్ది పుటలకూ ఒక మలుపు దగ్గర ఆగుతుంది. వారం రోజులు పాఠకుణ్ణి నిలబెట్టడానికి పెట్టిన ఆ మలుపులు పుస్తకంగా ఒక్కసారే చదివేవారికి కొందరికి రుచిస్తాయి, కొందరికి అలసట. రాత్రి నిద్రకు ముందు నాలుగు పుటలు చదివే అలవాటున్నవారికి ధారావాహిక నవల చక్కగా అమరుతుంది. గ్రంథాలయ సూచికలు ఈ వివరం నమోదు చేయవు.

5. బల్ల దగ్గర సంభాషణ:

“మీకు ఎలాంటి నవలలు ఇష్టం?” అన్న ప్రశ్నకు చాలామంది తడబడతారు. అది పరీక్షలా వినిపిస్తుంది. “ఈమధ్య చదివినవాటిలో మీకు బాగా నచ్చినది ఏది? అందులో ఏం నచ్చింది?” అని అడిగితే మాట తేలికగా వస్తుంది. పుస్తకం గుర్తురాకపోతే సినిమా చెప్పినా సరిపోతుంది. “చదువుతుంటే గుండె దడదడలాడింది”, “చివరిదాకా కనుక్కోలేకపోయాను”, “పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు” అనే మూడు మామూలు మాటల్లో పైన చెప్పిన మూడు రకాల ఉత్కంఠలూ ఉన్నాయి. వినేవారికి అవి వినిపించాలి. నచ్చనిదేమిటో అడగడం మరింత ఉపయోగకరం. హింస, శృంగారం, అతీంద్రియ విషయాల్లో దేన్ని భరించలేరో వయోజనులు నిస్సంకోచంగా చెబుతారు, అడిగినవారి ముఖంలో తీర్పు కనిపించనంతవరకు.

ఆ తీర్పే అసలు అడ్డంకి. డిటెక్టివ్ నవల అడిగేటప్పుడు గొంతు తగ్గించే అధ్యాపకులు, “పిల్లవాడి కోసం” అంటూ తీసుకొనే పెద్దలు గ్రంథాలయాలకు కొత్తవారు కారు. పాత నవలల అట్టల మీది బొమ్మలు ఆ బిడియాన్ని పెంచాయి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో నలుగురిలో చదివి వినిపించని మర్యాద, “ఇదికాక మంచిది చదవండి” అని హితవు చెప్పని సంయమనం ఇక్కడ వృత్తిధర్మం.

ఒకటికి బదులు రెండుమూడు పుస్తకాలు ఇచ్చి, వాటి మధ్య తేడా ఒక్కో వాక్యంలో చెప్పడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. తిరిగి ఇచ్చేటప్పుడు “ఎలా ఉంది?” అని అడిగితే వచ్చే సమాధానం తరువాతి సూచనకు దారి చూపుతుంది. పాఠకుని పేరు రాయకుండా ఆ సమాధానాన్ని ఒక నోటుపుస్తకంలో పుస్తకం పేరు కింద రాసి పెట్టుకుంటే, బదిలీపై వచ్చే కొత్త ఉద్యోగికి అది ఏ ముద్రిత సూచికా ఇవ్వలేని సమాచారం.

6. చెప్పకూడనిది, చూసుకోవలసినది:

ఇతర నవలలకు కథాసారాంశం చెప్పి ఆసక్తి పుట్టించవచ్చు. పరిశోధక నవలకు ఆ వెసులుబాటు లేదు. హంతకుని పేరు చెప్పకపోయినా “చివర్లో ఎవరూ ఊహించని మలుపు ఉంటుంది” అని చెప్పడంతోనే పాఠకుడు ప్రతి పాత్రనూ అనుమానించడం మొదలుపెడతాడు. అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన రోజర్ ఆక్రాయిడ్ హత్య నవలను సూచించేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. దాన్ని ఎక్కువగా పొగిడినా నష్టమే. మొదటి అధ్యాయంలో జరిగేది, నేపథ్యం, వేగం, ఇంతవరకే పరిమితం కావడం క్షేమం. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయే తలకిందుల పరిశోధక కథలకు ఈ కట్టుబాటు కొంత సడలుతుంది. కెయిగో హిగషినో ‘సస్పెక్ట్ ఎక్స్’ అలాంటిదే. అయితే అందులోనూ చెప్పకూడనిది మిగిలే ఉంటుంది.

చివరగా ఒక భౌతిక సమస్య ఉంది. నాసిరకం కాగితం మీద అచ్చయిన పాత నవలల్లో మొదట రాలిపోయేవి చివరి పుటలే. సాంఘిక నవలలో చివరి నాలుగు పుటలు లేకపోతే పాఠకుడు ఊహించుకుంటాడు. పరిశోధక నవలలో అవి లేకపోతే మిగిలిన రెండువందల పుటలకు విలువ లేదు. పేరు పక్కన పెన్సిలుతో “వీడే హంతకుడు” అని రాసిపెట్టే మహానుభావుల సంగతి సరేసరి. అందువల్ల పుస్తకం పాఠకుని చేతికి ఇచ్చేముందు గ్రంథపాలకుడు మొదటి పుటలను, చివరి పుటలను ఒకసారి తిప్పి చూడాలి. చివరి పుటలు లేని ప్రతిని అరలోనుంచి తీసి, మరో గ్రంథాలయంలోని ప్రతినుంచి ఆ పుటలకు నకలు తీయించి అతికించేవరకు దాన్ని ఎరువివ్వకూడదు.