మాట ఆగితే పరుగు ఆపాలి

పరుగు అనగానే మన వయసువాళ్ళకు బస్సు వెంట పరుగు, రైలు వెంట పరుగు, పిల్లల ఫీజు కట్టడానికి ఆఖరి రోజున పరుగు గుర్తుకు వస్తాయి. ఏ అవసరమూ లేకుండా, ఎవరూ తరమకుండా, నిక్కరు వేసుకొని నడిరోడ్డు మీద పరుగెత్తుతామంటే ముందు ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. మా ఇంట్లోనూ నవ్వారు. అయినా ఆరేళ్ళుగా మేము నలుగురు మిత్రులం పరుగెత్తుతూనే ఉన్నాము.

మాది హోసూరు. తమిళనాడులో ఉన్నా కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. వీధిలో నాలుగడుగులు వేస్తే తెలుగు, కన్నడం, తమిళం మూడూ చెవిన పడతాయి. మా జట్టులో గులాబీ తోటలున్న రైతు ఒకరు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవారు ఒకరు, పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు ఒకరు, బ్యాంకులో లెక్కలు చూసుకునే నేను ఒకణ్ణి. ఫోర్‌మన్ గారి ఇంటి భాష కన్నడమైనా, పరుగులో మాత్రం తెలుగే మాట్లాడతారు. అయ్యవారి పక్కన పరుగెత్తేవారికి వేరే దారి లేదు మరి!

పెద్ద నగరాల పరుగు పందేలు చాలావరకు తెల్లవారుజామున మొదలవుతాయి. చిన్న ఊళ్ళకు సాయంత్రమే అనుకూలం. మా హోసూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి పొద్దు వాలితే గాలి చల్లబడుతుంది. పైగా మన ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది. నిద్ర లేవగానే ఉండే కీళ్ళ బిగువు అప్పటికి సడలి, కండరాలు చెప్పిన మాట వింటాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ను ఎండ బాధ తప్పించడానికి సాయంత్రమే పెట్టారు. చీకటి పడ్డాక కాగడాల వెలుగులో, కాళ్ళకు బూట్లు కూడా లేకుండా మొదట చేరినవాడు ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా. 42 కిలోమీటర్లకు పైబడిన దూరానికి ఆయనకు పట్టిన సమయం 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లు.

మన పరుగు అటువంటిది కాదు. మనకు కావలసిన కొలత వేరు. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది మన ఒంటికి తగిన వేగం. మాట ముక్కలైపోతూ ఉంటే వేగం ఎక్కువైందన్నమాట. మాట్లాడాలంటే ఊపిరిని నిదానంగా, అదుపులో పెట్టుకొని వదలాలి. శ్రమ హద్దు దాటితే బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడానికే ఊపిరితిత్తులకు తీరిక ఉండదు. ఇక మాటకు ఊపిరెక్కడిది? మొదటి కిలోమీటరులో ఉత్సాహపడి తీసుకున్న అప్పును ఆఖరి కిలోమీటరులో చక్రవడ్డీతో కట్టవలసి వస్తుంది. ఈ మాట బ్యాంకువాడిగా చెబుతున్నాను.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం మత్తిగిరి వైపు 5 కిలోమీటర్ల పరుగు పెట్టారు. 1824లో మొదలైన పశువుల ఫారం ఉన్నది ఆ మత్తిగిరిలోనే. అటు వెళితే చెట్లూ, పచ్చికా కనిపించి ప్రాణం లేచి వస్తుంది. కాలేజీ పిల్లలు, పోలీసులు, చంటిబిడ్డను అమ్మమ్మకు అప్పగించి వచ్చిన ఒక కోడలు, మేము, అందరం కలిసి రెండు వందల మంది లోపే. ఫోర్‌మన్ గారికి ఆ రోజు ఒక పట్టుదల ఉంది. 30 నిమిషాల లోపల చేరాలని ఎనిమిది నెలలుగా సాధన చేస్తున్నారు. మూడు కిలోమీటర్లు మాతో వచ్చి, ఆ తరువాత ముందుకు వెళ్ళిపోవాలని ఒప్పందం.

రెండున్నర కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగాము. అంతవరకు పాత విద్యార్థుల కబుర్లు చెబుతున్న అయ్యవారు మాట మానేశారు. తోట రైతే ముందు గమనించారు.

"ఏమి అయ్యవారూ, మాట లేదు?"

"ఏం లేదు. పదండి."

ఆయన ఏ ప్రశ్నకూ రెండు ముక్కల్లో జవాబు చెప్పే మనిషి కారు. చూస్తే చల్లగాలిలోనూ చెమటలు కారుతున్నాయి, చేతి వేళ్ళు వణుకుతున్నాయి. "నాకేం కాలేదు, మీ టైము పాడు చేసుకోకండి" అని మమ్మల్నే కోప్పడ్డారు. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఆ మధ్యాహ్నం బంధువుల ఇంట పని పడి సాయంత్రం టిఫిను తినకుండానే వచ్చారని అడిగితే తెలిసింది.

పరుగెత్తే కండరాలు రక్తంలోని చక్కెరను వేగంగా లాక్కుంటాయి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు కూడా అదే సమయంలో చక్కెరను దించుతుంటే, అది ప్రమాదకరమైన స్థాయికి పడిపోవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. చిక్కేమిటంటే, తక్కువైందని గుర్తించవలసిన మెదడుకే అప్పుడు చక్కెర చాలదు. అందుకే ఆ మనిషి "నాకేం కాలేదు" అంటాడు. పక్కవాడు నమ్మకూడదు.

అయ్యవారిని రోడ్డు పక్కన అరుగు మీద కూర్చోబెట్టాము. జేబులో ఉన్న గ్లూకోజు పొట్లం నీళ్ళలో కలిపి తాగించాను. అటువంటప్పుడు 15 గ్రాముల గ్లూకోజుగానీ, ఒక టేబుల్ స్పూను పంచదారగానీ ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఆ పదిహేను నిమిషాలూ మా ముందునుంచి అందరూ వెళ్ళిపోయారు. ఫోర్‌మన్ గారు వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. "మీరు వెళ్ళండి, మేమున్నాం కదా" అన్నాను. "ఎనిమిది నెలలు పరుగెత్తింది ఈయన కబుర్లు వింటూనే కదండీ" అని అయ్యవారి పక్కనే కూర్చున్నారు. కాసేపటికి అయ్యవారు తలెత్తి, ఆ వాక్యంలో ఒక తప్పు దిద్దారు. మేము ముగ్గురం పకపకా నవ్వాము. ఇక భయం లేదని అప్పుడు నమ్మకం కలిగింది.

నిర్వాహకుల బండిలో ఆయన్ని పంపించి, మేము నడిచి వెళ్ళేసరికి బ్యానరు విప్పుతున్నారు. ఆ మరునాడే డాక్టరు మాత్రల మోతాదు మార్చారు. సాయంత్రపు శ్రమ తరువాత అర్ధరాత్రి కూడా చక్కెర పడిపోవచ్చు కాబట్టి, పడుకునే ముందు ఒకసారి చూసుకోమన్నారు. ఇప్పుడు అయ్యవారు పరుగు రోజున ముందు షుగరు చూసుకొని, అరటిపండు తిని గాని ఇంట్లోంచి కదలరు. ఫోర్‌మన్ గారు మళ్ళీ సాధన మొదలుపెట్టారు.

మన సంఘం సభ్యులలో షుగరు లేని ఇల్లు అరుదు. అందుచేత పరుగు మానమని నేను చెప్పను, ఒంటరిగా వెళ్ళవద్దంటాను. డాక్టరుతో ఒక మాట చెప్పి, మీ అలవాట్లు తెలిసిన మిత్రుణ్ణి వెంట తీసుకువెళ్ళండి. మీ ఊళ్ళో సంఘం తరఫున ఇటువంటి పరుగు పెట్టదలిస్తే, కప్పులు, మెడల్స్ గురించి తరువాత చూసుకోవచ్చు. ముందు గ్లూకోజు పొట్లాలు, షుగరు చూసే మీటరు, ఆఖరి మనిషి వెనకాలే నిదానంగా వచ్చే ఒక బండి సిద్ధం చేయండి.