పేదవాడి గుమ్మంలోకి చట్టాన్ని తెచ్చిన కందికుప్ప ప్లీడరు

కాట్రేనికోన: పోలీసు జీపు పేటలోకి వస్తే మగవాళ్ళు కొబ్బరితోటల్లోకి పరుగెత్తడం, ఆడవాళ్ళు గుమ్మాలు పట్టుకుని నిలబడిపోవడం ఒకప్పుడు పల్లెల్లో మామూలే. తప్పు చేసినవాడూ పరుగెత్తేవాడు, చేయనివాడూ పరుగెత్తేవాడు. “ఎందుకు పట్టుకుంటున్నారు?” అని అడిగే హక్కు తనకు ఉందన్న సంగతి కూలివాడికి చెప్పినవారు లేరు. ఆ సంగతిని తేట తెలుగులో పుస్తకంగా రాసి చేతికిచ్చిన ప్లీడరు బొజ్జా తారకం. ఆయన పుట్టిన ఊరు ఈ మండలంలోని కందికుప్ప.

తారకం 1939 జూన్ 27న జన్మించారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి అంబేద్కర్ బాటలో నడిచిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నాయకుడు, శాసనసభ్యుడు. దళితుడు చదువుకోవడమే గగనమైన రోజుల్లో ఆ ఇంట్లో చదువు, ఉద్యమం రెండూ కలిసి పెరిగాయి. తారకం లా చదివి నల్లకోటు వేసుకున్నారు. కోనసీమకే చెందిన ప్రసిద్ధ కవి బోయి భీమన్న కుమార్తె విజయభారతిని వివాహమాడారు. ఆమె కూడా అంబేద్కర్ జీవితాన్ని తెలుగువారికి అందించిన రచయిత్రి.

నిజామాబాదులో తొలి పోరు

గోదావరి ఒడ్డున పుట్టిన తారకం ప్రాక్టీసు నిజామాబాదులో సాగింది. కూలిరేట్ల తగాదాల్లో, భూమి తగాదాల్లో చిక్కుకున్న పేదలు ఆయన గుమ్మం ఎక్కేవారు. అక్కడి పల్లెల్లో అంబేద్కర్ యువజన సంఘాలను నిలబెట్టడంలో ఆయన పాత్ర పెద్దది. కోర్టులో వాదన ఒక ఎత్తు, ఊళ్ళో మనుషులను కూడగట్టడం మరొక ఎత్తు అన్నది ఆయన పద్ధతి. 1975లో దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ఆయన కూడా జైలుపాలయ్యారు. ఇతరుల బెయిలు కోసం తిరిగిన ప్లీడరు తానే కటకటాల వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

“పోలీసులు అరెస్టు చేస్తే” అన్న ఆయన పుస్తకం విలువ ఇక్కడే తెలుస్తుంది. చట్టాన్ని అది సెక్షన్ల చిక్కుముడిగా చూపదు. స్టేషనుకు వెళ్ళవలసి వచ్చిన మనిషి ఏమి అడగాలో, ఏమి తెలుసుకోవాలో పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది.

కారంచేడు కుదుపు

1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ మొదలైంది. దళితులు తాగే నీళ్ళలో గేదె కుడితి కడుగుతుంటే అడ్డు చెప్పడమే నేరమైంది. నీళ్ళకు వచ్చిన ఒక దళిత మహిళ తన మీదికి వచ్చినవారికి బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హతులయ్యారు. మిగిలినవారు పిల్లాపాపలతో చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు.

అప్పుడు తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. హోదా, ఆదాయం ఉన్న పదవి అది. ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడుతూ, ఆ ప్రభుత్వాన్నే నిలదీయవలసిన బాధితుల పక్కన నిలబడడం కుదరదు. తారకం రాజీనామా చేసి చీరాల దారి పట్టారు. కత్తి పద్మారావుతో కలిసి ఆ ఉద్యమానికి ముందునడిచారు. ఆ ఏడాదే దళిత మహాసభ ఏర్పడింది. చంపిన ఊరికి తిరిగి వెళ్ళేది లేదని బాధితులు పట్టుబట్టారు. చీరాలలోనే వారికి ఇళ్ళు ఏర్పడ్డాయి.

ఈ కేసులో చివరి మాట రావడానికి 23 ఏళ్ళు పట్టింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ళ చొప్పున శిక్ష ఖాయం చేసింది. అప్పటికే ముద్దాయిల్లోనూ, సాక్షుల్లోనూ కొందరు లేరు. అయితే కారంచేడు ఊరికే పోలేదు. ఇలాంటి దారుణాల మీద దేశంలో రేగిన ఆందోళన ఫలితంగానే 1989లో షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

ఊళ్ళోకి వచ్చిన కోర్టు

ఆ చట్టానికి పెద్ద పరీక్ష అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎదురైంది. సినిమాహాల్లో కాలు తగిలిందన్న మాట పెరిగి పెద్దదై, దళితులను పనుల్లోంచి వెలివేసేదాకా పోయింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఇక్కడా తారకం బాధితుల పక్షాన ముందువరుసలో ఉన్నారు.

సాక్షులు కూలిజనం. వాయిదా వాయిదాకూ పట్నం వెళితే కూలి పోతుంది, దారిలో ప్రాణభయం. అందుకే కోర్టునే తమ ఊరికి రప్పించాలని బాధితులు పోరాడి సాధించారు. నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. దానిమీద అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. గెలిచామనుకున్న పేదవాడు మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడవలసి రావడం తారకం కళ్ళారా చూశారు.

ప్లీడరుగానే కాక కవిగా, రచయితగా కూడా ఆయన పేరు నిలిచింది. “నది పుట్టిన గొంతుక” ఆయన కవితా సంపుటి. “పంచతంత్రం” నవల. “కులం-వర్గం”లో ఈ దేశపు పేదరికానికి కులంతో ఉన్న ముడిని చర్చించారు. రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర నాయకుడిగానూ పనిచేశారు. 2016 సెప్టెంబరు 16న హైదరాబాదులో కన్నుమూశారు.

తెలిసి ఉండవలసినవి

తారకం జీవితమంతా చెప్పిన సంగతులు నేటికీ ప్రతి ఇంటికీ అవసరమే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ప్రయాణకాలం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తన ప్లీడరుతో మాట్లాడే హక్కు ముద్దాయికి ఉంది. ఇవి రాజ్యాంగం ఇచ్చిన హక్కులు. పొద్దుగూకిన తరువాత, తెల్లవారకముందు ఆడవారిని అరెస్టు చేయరాదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతి, మహిళా పోలీసు ఉండాలి. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

అత్యాచారాల చట్టం కింద నమోదైన కేసును డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. కావాలని విధి నిర్వర్తించని ప్రభుత్వోద్యోగి ఎస్.సి., ఎస్.టి.లకు చెందనివాడైతే, అతనికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఎస్.సి., ఎస్.టి.లకు, ఆడవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థలు ఉచితంగా ప్లీడరును ఇస్తాయి.

కందికుప్ప ఉన్న జిల్లాకే నేడు అంబేద్కర్ పేరు ఉంది. 2022లో ఆ పేరు ప్రతిపాదించినప్పుడు, మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబడ్డాయి. చివరకు పేరు నిలిచింది. బోర్డు మీద పేరు మార్చినంతలో మనసులు మారవని ఆ రోజు చాటింది. తారకం చేసిన పని ఇంకా మిగిలే ఉందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

జయంతినాడు పూలదండ వేయడం మంచిదే. దండ సాయంత్రానికి వాడిపోతుంది. ఆయన పుస్తకం ఒక ప్రతి ప్రతి ఊరి గ్రంథాలయంలోనూ ఉండి, పదో తరగతి చదివిన కుర్రవాడు దాన్ని పేటలో పదిమందికి చదివి వినిపిస్తే, ఈసారి జీపు వచ్చినప్పుడు తోటల్లోకి పరుగెత్తేవారు తగ్గుతారు. “కారణమేమిటి?” అని అడిగేవారు పెరుగుతారు.