ట్యూబ్ యాంప్‌కి బయాస్ ఎంత పెట్టాలి? చిన్న లెక్క చాలు

ట్యూబ్ యాంప్‌లో కొత్త పవర్ ట్యూబ్స్ వేశాక బయాస్ ఎంత పెట్టాలి? ఈరోజు అదే చూద్దాం.

పాట లేకపోయినా ట్యూబ్‌లో కొంత కరెంట్ పారుతూనే ఉంటుంది. దానికి కుళాయి లాంటిది గ్రిడ్ మీదుండే నెగటివ్ వోల్టేజ్. నెగటివ్ పెంచితే కరెంట్ తగ్గుతుంది. మరీ తగ్గితే చిన్న వాల్యూమ్‌లో కూడా సౌండ్ గరగరలాడుతుంది. మరీ ఎక్కువైతే ప్లేట్ ఎర్రగా కాలి, ట్యూబ్ పోతుంది.

ఇక లెక్క. ఈఎల్34 ప్లేట్ లిమిట్ 25 వాట్స్. క్లాస్ ఏబీ ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌లో అందులో 70 శాతం, అంటే 17.5 వాట్స్ దాటనివ్వం. ప్లేట్ వోల్టేజ్ 450 అనుకోండి. 17.5ని 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీఆంప్స్. క్యాథోడ్ దగ్గర 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే, మల్టీమీటర్‌లో 39 మిల్లీవోల్ట్స్ చూపించాలి. అందులో కొంచెం స్క్రీన్ కరెంట్ కూడా కలుస్తుంది కాబట్టి ప్లేట్‌కి వెళ్లేది ఇంకా తక్కువే. సేఫ్.

ఒక్కటి సీరియస్‌గా వినండి. 450 వోల్ట్స్ ప్రాణం తీస్తుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. బయట టెస్ట్ పాయింట్స్ ఉంటేనే మీరు చెక్ చేయండి, అది కూడా స్పీకర్ తగిలించాకే. లేదంటే పని తెలిసిన టెక్నీషియన్‌కి ఇచ్చేయండి. ట్యూబ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మరి మీరు?