సరమ అడిగిన ప్రశ్న

కుక్కపిల్లను పెంచడం పిల్లల వేడుక అని చాలమంది తలంపు. నేనూ అట్లే తలచినవాడను. రెండు నెలల నాటు కుక్కపిల్ల ఒకటి మా ఇంట అడుగుపెట్టిన పిమ్మట గాని, ఇన్నేండ్ల అధ్యాపక వృత్తి నాకు నేర్పని పాఠం ఒకటి మిగిలియున్నదని తెలిసి రాలేదు.

దానికి మోతీ అని పేరు పెట్టినాము. వచ్చిన వారంలోనే, ఒకనాటి సాయంకాలం నేను కళాశాల నుండి వచ్చేసరికి నా కొత్త చెప్పులలో ఒకటి ముక్కలై వసారాలో పడియున్నది. పక్కనే మోతీ నిద్రపోతున్నది. ఆ చెప్పుతోనే రెండు దెబ్బలు వేసినాను. అది కుయ్యోమని అరుస్తూ మంచం కిందికి పారిపోయినది. మరునాటి సాయంకాలం నేను గడపలో కాలు పెట్టగానే చెవులు వాల్చి, తోక ముడిచి, మళ్లీ మంచం కిందికే దూరినది.

“చూశావా! తన తప్పు తనకు తెలుసు” అన్నాను మా ఇంటావిడతో.

“ఇవాళ అదేం తప్పు చేసిందండీ? పొద్దుటి నుంచీ నా కాళ్ల దగ్గరే పడి ఉంది” అన్నది ఆమె.

ఆ మాట నా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. తప్పు చేయని నాడు కూడ భయపడినదంటే, అది గుర్తుంచుకొన్నది తన తప్పును కాదు. నా అడుగుల చప్పుడును.

ఈ సంగతినే న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షించి 2009లో ప్రకటించినారు. పెంపుడు కుక్కల ముందు తినుబండారం ఉంచి, ముట్టవద్దని చెప్పి యజమానులు గది వెలుపలికి పోయేవారు. తిరిగి వచ్చినప్పుడు, కుక్క దానిని తిన్నదో లేదో వారికి కొన్నిసార్లు నిజంగా, కొన్నిసార్లు అబద్ధంగా చెప్పినారు. తిన్న కుక్క, తినని కుక్క అను భేదం లేక, యజమాని గద్దించినప్పుడే ఆ ‘తప్పుచేసిన ముఖం’ ఎక్కువగా కనబడినది. నిరపరాధులై తిట్లు తిన్న కుక్కలలో అది మరింత అధికం!

కుక్కపిల్ల ఒక పనికి, దాని ఫలితానికి ముడివేసికొనేది ఆ క్షణంలోనే. గంట గడచిన పిమ్మట పడిన దెబ్బ దానికి చెప్పును గూర్చి ఏమీ బోధింపదు. కొట్టిన చేతిని గూర్చి మాత్రం బోధిస్తుంది. పుట్టిన మూడవ వారం మొదలు సుమారు పన్నెండు, పదునాలుగు వారాల వరకు లోకం మంచిదో చెడ్డదో దాని మనస్సులో నాటుకొనే కాలం. ఆ లేతవయసులో కలిగిన భయం తేలికగా పోదు.

అందుచేత పద్ధతి మార్చినాను. నిద్ర లేవగానే, తిండి తినగానే, ఆట ముగియగానే మోతీని పెరటిలో ఒకే చోటికి తీసికొనిపోయేవాడను. పని ముగించిన మరుక్షణమే మెచ్చుకొని ఒక చిన్న రొట్టెముక్క పెట్టేవాడను. ఇంటిలో తడిపితే మాట్లాడక వాసన మిగలకుండ కడిగేవారము. పండ్లు వచ్చే వయసులో కొరకడం దాని అవసరం గనుక చెప్పులను అటక ఎక్కించి, కొరుక్కొనుటకు గట్టిగా ముడివేసిన గుడ్డ ఇచ్చినాము. చేయి కొరికితే ఆట ఆపి లేచిపోయేవాడను. ‘కూర్చో’ అను మాటను ఇంటిల్లిపాది ఒకే తీరున పలికినాము. పాఠం ఐదు నిమిషాలకు మించలేదు. పేరుపెట్టి పిలిచి ఎన్నడూ తిట్టలేదు.

అయినను మంచం కింది భయం వెంటనే పోలేదు. ప్రతి సాయంకాలం చాప వేసికొని, దానివైపు చూడక, ఒక రొట్టెముక్క దూరంగా ఉంచి కూర్చొనేవాడను. మూడు వారాలు పట్టినది. ఒకనాడు అది తనంత తానే వచ్చి నా మోకాలిపై తల ఆనించినది. రెండు దెబ్బల ఖరీదు మూడు వారాల ఓర్పు!

తెలుగు పాఠాలు చెప్పేవాడనై ఉండి నేను మరచిన కథ ఒకటి భారతం ఆదిపర్వారంభంలో కలదు. కురుక్షేత్రంలో జనమేజయుడు యాగం చేస్తుండగా అక్కడికి వచ్చిన సారమేయుడను కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టినారు. అది ఏడుస్తూ తల్లితో మొర పెట్టుకొన్నది. దేవతల కుక్కయైన సరమ రాజు ఎదుటికే వచ్చి, ఏ అపరాధం చేయని నా బిడ్డను ఎందుకు కొట్టినారని అడిగినది. వ్యాస భారతంలో ఆ ప్రశ్నకు వారు బదులు చెప్పలేదు. ‘నీకు కానరాని భయం కలుగుగాక’ అని శపించి ఆమె వెడలిపోయినది.

ఈ ఉపాఖ్యానాన్ని నేను తరగతిలో ఎన్నిమార్లో బోధించినాను. పద్యానికి ప్రతిపదార్థం చెప్పినాను, వ్రాయించినాను. అప్పజెప్పలేని విద్యార్థులను నలుగురిలో నిలబెట్టి గద్దించినాను కూడ. వారు తలలు వంచుకొంటే, తప్పు తెలిసికొన్నారని సంతోషించినాను. మోతీ తోక ముడిచిన నాడు గాని ఆ వంగిన తలల అర్థం నాకు బోధపడలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడ నిషేధించినది. బెత్తం చాలవరకు మూల పడినది. గద్దించే గొంతు ఇంకా మనవద్దనే ఉన్నది. ఈసారి తరగతిలో ఒక బిడ్డ తల వంచుకొన్నప్పుడు, అతడు తెలిసికొన్నది తన తప్పునా, మన అడుగుల చప్పుడునా అని ఒక్క క్షణం నిలిచి ఆలోచింతము. సరమ అడిగిన ప్రశ్నకు మనమైనను బదులు చెప్పవలసియున్నది.