సెకండ్ హ్యాండ్ వ్యాన్, లాంగ్ డ్రైవ్

అమెరికాలో మనవాళ్ళు మినీవ్యాన్ గురించి ఆలోచించే సందర్భం చాలావరకు ఒకటే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వేసవి సెలవుల్లో అందర్నీ ఒకే బండిలో గ్రాండ్ కాన్యనో, ఎల్లోస్టోనో తిప్పాలి. కొత్తదాని ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. దాంతో లక్ష మైళ్ళు తిరిగిన ఒడిస్సీయో, సియెన్నాయో వెతుకుతాం. ఆఫీసులో చిన్న బగ్ వచ్చినా లాగ్ ఫైలు చూడందే నోరు విప్పని మనం, ఇక్కడ మాత్రం పెయింటు మెరుపు చూసి చెక్కు రాసేస్తాం. నిజానికి బండికీ లాగ్ ఉంటుంది.

మొదటిది విన్. 1981 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కారుకీ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ వాడరు. తొమ్మిదోది చెక్ డిజిట్: అక్షరాలకు అంకెలిచ్చి, స్థానాన్ని బట్టి హెచ్చవేసి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషం. శేషం 10 అయితే ఎక్స్ వేస్తారు. పాత పదంకెల ఐఎస్‌బీఎన్‌కి ఇది దగ్గరి చుట్టం. ఈ విన్‌ని ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొడితే, సరిచేయించని రీకాల్స్ ఉన్నాయేమో ఉచితంగా తెలుస్తుంది.

రెండోది ఓబీడీ-టూ. 1996 మోడల్ నుంచి కార్లలో, మినీవ్యాన్లలో ఈ 16 పిన్నుల సాకెట్ తప్పనిసరి. డాష్‌బోర్డు కింద ఉంటుంది. చిన్న బ్లూటూత్ అడాప్టర్ గుచ్చితే ఎర్రర్ కోడ్లు ఫోన్లోకి వస్తాయి. ఉదాహరణకి పీ0420 అంటే కేటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కంప్యూటర్ అనుమానం.

మరి కోడ్లేవీ లేకపోతే బండి బాగున్నట్టేనా? కాదు. అదే అడాప్టర్‌తో కోడ్లని చెరిపేయవచ్చు కూడా. అసలు కిటుకు ఇక్కడుంది. కోడ్లు చెరిపితే కంప్యూటర్ చేసుకున్న స్వయంపరీక్షల ఫలితాలూ పోతాయి. వీటిని రెడీనెస్ మానిటర్లంటారు. అవన్నీ మళ్ళీ పూర్తి కావాలంటే బండిని కొన్ని రోజులు ఊళ్ళోనూ, హైవే మీదా తిప్పాలి. అంటే చెరిపిన లాగ్ కూడా ఒక సాక్ష్యమే.

నేను చూసిన ఒక వ్యాన్‌లో ఒక్క కోడూ లేదు, కానీ నాలుగు మానిటర్లు నాట్ రెడీ. అడిగితే "బ్యాటరీ మార్చామండీ" అన్నాడు అమ్మేవాడు. అదీ జరగొచ్చు, బ్యాటరీ తీసినా మానిటర్లు చెరుగుతాయి. "వారం తిప్పండి, మళ్ళీ వచ్చి చూస్తాను" అన్నాను. తిరిగి ఫోన్ రాలేదు. నెల తర్వాత, మానిటర్లన్నీ పూర్తయిన మరో వ్యాన్ కొన్నాను.

ఇంత చాదస్తం ఎందుకంటారా? డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమటికి వెళ్ళి చూడండి. ముందు 11 వేల అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాకా అంతా ఎక్కుడే. తర్వాత యూటాలో గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా సుమారు 110 మైళ్ళు ఒక్క గ్యాస్ స్టేషన్ ఉండదు. ఇంటర్‌స్టేట్ రహదారుల్లో ఇంత దూరం ఏ సౌకర్యమూ లేని ముక్క మరొకటి లేదు. వెనక సీట్లో షుగర్ మాత్రలు వేసుకునే నాన్నగారు, పక్కన చంటిపిల్ల. అక్కడ బండి ఆగితే భయపడాల్సింది టోయింగ్ ఖర్చుకి కాదు, ఎండకి. మేం వెళ్ళినప్పుడు అడాప్టర్ తీయలేదు. ఎక్కుడంతా మా ఆవిడ ఫోన్లో కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూనే ఉంది.

అడాప్టర్‌కి కనపడనివీ ఉన్నాయి. ఒడిస్సీ వీ6 ఇంజన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. దాదాపు లక్ష మైళ్ళకి మార్చాలి, రసీదు అడగండి. సియెన్నాలో 2007 మోడల్ నుంచి చెయిన్ వచ్చింది. టైరు మీద డాట్ కోడ్ చివర 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని. ఇవన్నీ చూశాక కూడా, కొనేముందు మీకు నమ్మకమైన మెకానిక్‌కి ఓసారి చూపించండి.

బయల్దేరే ముందు మ్యాపులు ఫోన్లోకి దించుకోండి. జీపీఎస్‌కి సెల్ సిగ్నల్ అక్కర్లేదు గానీ మ్యాపుకి కావాలి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది, అదెలాగో ఇంట్లోనే నేర్చుకోండి. గ్రీన్ రివర్‌లో మాత్రం ట్యాంకు సగం ఉన్నా ఆగి నింపుకోండి, నీళ్ళ సీసాలు కూడా.