మీకు తెలుసా? డెబ్బై దాటాక మూడు గంటల్లోపే మారథాన్

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని మూడు గంటల్లోపు ముగించడం కుర్రాళ్లకే గగనం. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2003లో టొరంటోలో 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో ముగించారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు! డెబ్బై దాటినవారిలో ఆ ఘనత సాధించిన తొలి వ్యక్తి ఆయనే.

ఆయన సాధన ఇంటి దగ్గరి శ్మశానవాటికలో సాగేది. కోచ్ లేరు, ప్రత్యేక ఆహారమూ లేదు. అక్కడ ఒకే బాటలో చిన్న చిన్న అడుగులతో, నిదానంగా, కొన్ని రోజులు మూడేసి గంటలు చుట్లు కొట్టేవారు. మోకాలి నొప్పి ముదిరితే మాత్రం నెలల తరబడి పరుగు ఆపేసేవారు. తగ్గాక కొద్దికొద్దిగా సమయం పెంచుకునేవారు. 2016లో, 85 ఏళ్ల వయసులోనూ నాలుగు గంటల్లోపే మారథాన్ పూర్తి చేశారు.

పరుగెడితే మోకాళ్లు అరిగిపోతాయని చాలామంది భయం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1984 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు యాభై దాటిన రన్నర్లను గమనించారు. వారి మోకాళ్లలో అరుగుదల, పరుగెత్తనివారికన్నా ఎక్కువగా కనిపించలేదు.

మీరూ పరుగెత్తేవారైతే, దూరం పెంచిన మర్నాడో, ఆ మర్నాడో కండరాలు పట్టేయడం మామూలే. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కీలు వాచినా, అడుగు వేస్తే పోటు వచ్చినా పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోండి.