శంక సాక్ష్యం కాదు: పరిశోధక విద్యార్థుల అనర్హతాభయం గురించి

పరీక్షలో మంచి మార్కులు వస్తే ప్రశ్నలు తేలికగా వచ్చాయనుకుంటాడు. పరిశోధనలో సీటు దొరికితే పోటీ తక్కువగా ఉందేమోననుకుంటాడు. అధ్యాపకుడు వ్యాసాన్ని మెచ్చుకుంటే, అది ఆయన మంచితనమే తప్ప తన ప్రతిభ కాదనుకుంటాడు. తనకు దక్కిన ప్రతి గౌరవానికీ తన శ్రమ తప్ప మిగతా కారణాలన్నీ వెతుకుతాడు. ఏదో ఒకనాడు ఎవరో లేచి, ఇతనికి ఏమీ రాదని నలుగురిలో బయటపెడతారన్న భయంతో రోజులు గడుపుతాడు. ఇటువంటి మనఃస్థితి పరిశోధక విద్యార్థులలో, వారు ఆడపిల్లలైనా మగపిల్లలైనా, మనం అనుకునేదానికంటే ఎక్కువగానే ఉంది. కొందరు దీనివల్ల సగం రాసిన సిద్ధాంత వ్యాసాన్ని వదిలి ఇంటికి చేరుకుంటారు. కనుక దీనిని చిన్న విషయంగా కొట్టివేయడానికి వీలులేదు.

1978లో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ స్థితి గురించి ఒక వ్యాసం ప్రకటించారు. చదువులో, వృత్తిలో రాణించిన 150 మందికి పైగా స్త్రీలతో తమకు కలిగిన అనుభవాన్ని ఆధారం చేసుకుని, వారు దీనికి ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. కాలక్రమాన వాడుకలో అది ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’ అయింది. ఇంపోస్టర్ అనగా లేని అర్హత ఉన్నట్టు చెప్పుకుని తిరిగే బూటకపు మనిషి. తాను అటువంటివాడినేమోనని నిజాయితీపరుడు భయపడటమే ఈ స్థితి. పేరులో సిండ్రోమ్ అని ఉన్నా, వైద్యులు అనుసరించే మానసిక వ్యాధుల పట్టికలో దీనిని ఒక వ్యాధిగా చేర్చలేదు.

మన పరిసరాలలో ఇది ఏ రూపం తీసుకుంటుందో చూద్దాం. వరంగల్–ఖమ్మం రహదారి మీద ఉన్న దంతాలపల్లి వంటి ఊరి నుంచి చదువుకు బయలుదేరిన ఒక ముస్లిం విద్యార్థిని ఊహించండి. అతనికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. మద్రసాలో అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్హ్ చదివాడు. ఆ తర్వాత వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాదులోని ఉస్మానియాలోనో చేరాడు. అక్కడ సెమినార్లు ఇంగ్లీషులో జరుగుతాయి. పక్కవాడు ఉటంకించే గ్రంథకర్తల పేర్లే అతనికి కొత్త. మద్రసాకు వెళితే ‘యూనివర్సిటీవాడు వచ్చాడు’ అంటారు. యూనివర్సిటీకి వెళితే ‘మద్రసావాడు’ అంటారు. రెండు ఇళ్ళలోనూ తాను చుట్టమే కాని ఇంటివాడిని కానన్న భావం అతనిలో స్థిరపడుతుంది. ఈ రెండు చోట్లా చదివి, అనువాదమే వృత్తిగా పెట్టుకున్న నాకు ఈ బాధ పరాయిది కాదు.

ఈ శంకను ఎదుర్కోవడానికి మొదట రెండు విషయాలను వేరుచేయాలి. కొరత వేరు, మోసం వేరు. లేనిదానిని ఉన్నట్టు ప్రదర్శించేవాడిని రెండు అసత్యపు వస్త్రాలు ధరించినవానితో పోల్చిన హదీసు ఉంది. ఇక్కడ నింద ప్రదర్శనకే తప్ప లేమికి కాదు. ఇంగ్లీషు సరిగా రాకపోవడం కొరత. చదవని గ్రంథాన్ని చదివినట్టు రాయడం మోసం. మొదటిదానికి మందు అభ్యాసం, రెండవదానికి మందు పశ్చాత్తాపం. ఏ మోసమూ చేయని విద్యార్థి తన కొరతలను చూసుకుని తనకు మోసగాడన్న పేరు పెట్టుకుంటే, అది వినయం అనిపించుకోదు. తన మీద తానే అబద్ధపు సాక్ష్యం చెప్పుకోవడం అవుతుంది.

ఈ భయం కొత్తది కూడా కాదు. దైవప్రవక్త (స) లేఖకులలో ఒకరైన హజ్రత్ హంజలా (రజి) వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పటి మనసు, ఇంటికి వెళ్ళి ఆలుబిడ్డల మధ్య, పనుల మధ్య పడిన తర్వాత నిలవడం లేదని గమనించి, తాను కపటిగా మారిపోయానని ఆయన హడలిపోయారు. ఆ మాటను ముందుగా హజ్రత్ అబూబక్ర్ (రజి)కు చెప్పారు. తన పరిస్థితీ అదేనన్నారు అబూబక్ర్ (రజి). ఇద్దరూ కలసి ప్రవక్త (స) వద్దకు వెళ్ళగా, మనసు ఎల్లవేళలా ఒకే స్థాయిలో ఉండదనీ, ఒక్కో ఘడియ ఒక్కో విధంగా ఉంటుందనీ ఆయన ధైర్యం చెప్పారు. అక్కడ ప్రస్తావన విశ్వాసం గురించే. అయినా భయం తీరిన క్రమం మనకు ఉపయోగపడుతుంది. హంజలా (రజి) ఒంటరిగా కుమిలిపోలేదు. తనకంటే పెద్దవాడితో చెప్పుకున్నారు. చెప్పుకున్న తర్వాతనే, ఆ పెద్దవాడికీ అదే భయం ఉందని తెలిసింది.

ఇక రెండవ ఆధారం ఫిఖ్హ్ నుంచి వస్తుంది. నిశ్చయంగా తెలిసిన విషయం కేవలం శంకతో రద్దు కాదన్నది ధర్మశాస్త్రంలోని ఐదు మూలసూత్రాలలో ఒకటి. ఉస్మానీ ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్దంలో క్రోడీకరించిన మజల్లాలో ఇది నాలుగవ అధికరణం. వుజూ చేసినవాడికి నమాజులో అది భంగమైందేమోనన్న అనుమానం వస్తే, స్పష్టమైన గుర్తు కనబడనంతవరకు నమాజు వదలకూడదు. ఇదే కొలతను చదువుకూ పెట్టి చూడండి. ప్రవేశ పరీక్ష నెగ్గడం జరిగిన విషయం. పర్యవేక్షకుడు అధ్యాయాన్ని చదివి ఆమోదించడం జరిగిన విషయం. ‘ఏమో, నేను తగనేమో’ అన్నది కేవలం శంక. శంక వచ్చి జరిగినదానిని చెరిపివేయజాలదు. అయితే ఈ సూత్రం రెండువైపులా పదునున్న కత్తి. నిశ్చయంగా తెలియని విషయం తెలుసునేమోనన్న ఆశతో తెలిసినదిగా మారదు. అందుచేత ఇది విద్యార్థికి ధైర్యమూ ఇస్తుంది, హద్దూ గీస్తుంది.

అంతేకాదు, మన విద్యా సంప్రదాయంలో యోగ్యతను తేల్చే అధికారం విద్యార్థి చేతిలో పెట్టలేదు. ఇజాజా ఇచ్చేది గురువు. తాను ఏ గురువు వద్ద ఏ గ్రంథం చదివాడో, ఆ గురువు ఎవరి వద్ద చదివాడో సనదు తెలుపుతుంది. నేటి విశ్వవిద్యాలయంలో పరీక్షకుల నివేదిక చేసే పని కూడా కొంతవరకు ఇదే. తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తిగా కూర్చోవడం ఎవరికీ తగదు. గురువు ఇచ్చిన ఇజాజాను శిష్యుడు మనసులో కొట్టివేస్తే, గురువు సాక్ష్యాన్నే కొట్టివేసినట్టవుతుంది.

‘ఇది నా ఇంటి విద్య కాదు’ అని కుంగేవారికి అనువాదరంగం నుంచి రెండు ఉదాహరణలు. ఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చినవారు ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రచించిన చిలుకూరి నారాయణరావు. ఆయన ముస్లిం కారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న చిన్నగూడూరులో, వైష్ణవ కుటుంబంలో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య (1925–1987) గాలిబ్ ఉర్దూ కవిత్వాన్ని ‘గాలిబ్ గీతాలు’గా 1961లో తెలుగువారికి అందించారు. పుట్టుక హక్కు ఇచ్చిందా లేదా అన్న ప్రశ్నతో పాఠకుడికి పనిలేదు. చేతిలో ఉన్న పుటను చూసి అతడు తీర్పు చెబుతాడు.

ఆచరణకు వస్తే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. నోటుబుక్కులో ఒక పుటను రెండుగా విభజించి, ఒకవైపు తనకు వచ్చినదానిని దాని సాక్ష్యంతో సహా, మరొకవైపు నేర్చుకోవలసినదానిని దాని గడువుతో సహా రాసుకోవాలి. అప్పుడు భయానికి ఆకారం ఏర్పడి, అది పనుల జాబితాగా మారుతుంది. సెమినారులో తెలియని ప్రశ్న ఎదురైతే ‘తెలియదు, చూసి చెబుతాను’ అనడం అలవాటు చేసుకోవాలి. ఇమామ్ మాలిక్ (రహ్మ)ను 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు తెలియదనే చెప్పారని ఉల్లేఖనం ఉంది. దానివల్ల ఆయన ఇమామత్‌కు లోటు రాలేదు. శంక వచ్చినప్పుడు పని ఆపకూడదు. ఆనాడు రాయదలచిన పుట రాసిన తర్వాతే దానితో వాదానికి దిగాలి. నిద్ర, ఆకలి చెడి నిరాశ ముదిరితే మాత్రం వైద్యుని సంప్రదించడానికి సిగ్గుపడరాదు.

చివరగా అధ్యాపకులకు ఒక మాట. లోపం అంతా విద్యార్థి మనసులోనే ఉన్నదనడం న్యాయం కాదు. 2021లో రుచికా తుల్షియాన్, జోడీ ఆన్ బ్యూరీ అనే రచయిత్రులు ఉద్యోగినుల విషయంలో ఈ వాదాన్నే వినిపించారు: మనుషులను పరాయివారుగా చూసే వాతావరణాన్ని వదిలేసి, వారి భయానికి మాత్రమే చికిత్స చేయబూనడం సరికాదన్నారు. ఇది మన తరగతి గదులకూ వర్తిస్తుంది. విద్యార్థి ఉచ్చారణను చూసి నవ్వే తరగతి, మద్రసా చదువును చదువుగా లెక్కించని ఇంటర్వ్యూ, యూనివర్సిటీ చదువును అనుమానంతో చూసే మద్రసా — ఇవి ఉన్నంతకాలం శంకకు కొత్త ఆహారం దొరుకుతూనే ఉంటుంది. శిష్యుడు బాగా రాసినప్పుడు ఏది బాగుందో స్పష్టంగా చెప్పండి. కొరత ఉంటే ఏ గ్రంథం చదివితే అది తీరుతుందో చెప్పండి. చదువుకునే రోజులలో మీకూ ఇటువంటి భయం కలిగి ఉంటే, ఆ మాట వారితో దాచకుండా పంచుకోండి. హజ్రత్ అబూబక్ర్ (రజి) చేసిన పని అదే.